ముదురు గడ్డి కావలెను

శుక్రవారం

పెదనాన్నకి నమస్కారాలు.

మీరూ పెద్దమ్మా కులాసా అనుకుంటాను. ఇక్కడ మేం నలుగురం కులాసా అని రాయబోయి ఆగాను. నలుగురిలో ఒకరు కులాసాగా లేరు. ఫోన్లో చెప్పిన ఆర్డరుకి మీ కొట్లోంచి గడ్డిపరక కూడా కదలదని తెలుసు గనక పద్ధతిగా కాగితం మీదే రాస్తున్నాను.

నలుగురంటే నేనూ, మా ఆయనా, రెండు కుందేళ్ళూ. తెల్లదాని పేరు దూది, ఏడేళ్ళ ముసలిది. నల్లదాని పేరు మసి, రెండేళ్ళది, ఇంటికి ఎవరొచ్చినా ముందు వాళ్ళ చెప్పులు కొరుకుతుంది. దూదిని మా పెళ్ళయిన ఏడాది మా ఆయన చొక్కాలో దాచి తెచ్చారు. ఈ ఇంట్లో మేం పడ్డ గొడవలన్నీ అది విన్నది, ఒక్కసారి కూడా ఎవరి పక్షమూ వహించలేదు. అందుకే మా ఇద్దరికీ అదంటే ప్రాణం.

మూడు వారాలుగా దూది ఎండుగడ్డి ముట్టడం లేదు. పశువుల డాక్టరుగారు నోరు తెరిపించి చూశారు. కుందేలు పళ్ళు మన గోళ్ళలా బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయట. రోజంతా గడ్డి నమిలితేనే అరుగుతాయి. లేకపోతే వెనక పళ్ళు మొనదేలి నాలుకని కోస్తాయి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేది నేను, నా ఇంట్లోనే పళ్ళు అరగవు, చూశారా నా రాత! ఒక నెల చూద్దాం, అప్పటికీ తినకపోతే మత్తిచ్చి పళ్ళు అరగదీయాలి, ఈ వయసులో మత్తు నుంచి లేస్తుందని మాటివ్వలేను అన్నారు. ఆ మాట విన్నప్పట్నుంచి నాకు అన్నం సయించడం లేదు.

గడ్డి మార్చి చూడమన్నారు. ఇక్కడ పెంపుడు జంతువుల దుకాణంలో ఎండుగడ్డిని చెప్పుల పెట్టెంత అట్టపెట్టెలో అమ్ముతారు. పెట్టె మీద కుందేలు బొమ్మ, దాని పక్కన ఒక పువ్వు. ధర చూస్తే లోపలిది గడ్డేనా అని అనుమానం వస్తుంది. రెండ్రోజులకో పెట్టె ఖాళీ. నలభై ఏళ్ళుగా మేత కొట్టు నడుపుతున్న పెదనాన్నని పెట్టుకుని నేనీ పెట్టెలు మోయడమేమిటనిపించింది. చౌకలో ముదురు గడ్డి ఒక కట్ట పంపగలరా? కాడ గట్టిగా ఉంటే చాలు. ఖరీదైనది వద్దు.

మీ అమ్మాయి

తా.క.: కట్ట చిన్నది పంపండి. మాది మూడో అంతస్తు, మెట్లు ఇరుకు, మెట్ల కిందే మాకు ఇల్లు అద్దెకిచ్చిన ఇంటావిడ.

*

మంగళవారం

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

ఉత్తరం అందింది. చౌక అన్న మాట దగ్గర కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. చౌక అనే ఉంది. నా తమ్ముడి కూతురు, నా భుజాల మీద పెరిగిన పిల్ల, నా కొట్లో చౌక రకం అడగడమా! డెయిరీవాళ్ళు కూడా వచ్చి 'ఏది మంచిది' అని అడుగుతారు గాని 'ఏది చౌక' అని అడగరు, కనీసం మొదటి మాటగా అడగరు. ఈ ఉత్తరం మా గుమస్తా కంట పడకుండా లోపల జేబులో పెట్టుకున్నాను.

మేతల్లోకెల్లా మేలైన లూసర్న్ పంపుతున్నాను. ఆకు రాలకుండా ఆరబెట్టిన సరుకు, ఇంకా పచ్చగా ఉంది. ఇది తిన్న పాడి ఆవు పూటకి లీటరు ఎక్కువిస్తుంది. ముదురు గడ్డి సంగతి నాకు చెప్పకు. పళ్ళు బాగాలేని ముసలి జీవానికి ఎవరైనా మెత్తనిది పెడతారు గాని పుల్లలు పెడతారా? డాక్టర్లకి మందులు తెలుస్తాయి, మేత తెలియదు.

చిన్న కట్ట అనేది మా దగ్గర లేదు. యంత్రం కట్టేది ఒకటే సైజు, నలభై కిలోలు. లారీ పార్సిల్లో వేశాను.

అన్నట్టు అల్లుడి ఉద్యోగం సజావుగానే ఉంది కదా? ఊరికే అడిగాను.

నీ పెదనాన్న

తా.క.: పెద్దమ్మ అడగమంటోంది. పాలివ్వదు, గుడ్డు పెట్టదు, కాపలా కాయదు, మరి కుందేలు ఏం చేస్తుంది? నువ్వే రాయి.

*

సోమవారం

పెదనాన్నకి నమస్కారాలు.

మీ లూసర్న్ క్షేమంగా చేరింది. మేం క్షేమంగా లేం. లారీవాళ్ళు దాన్ని రెండో అంతస్తు మలుపు దాకా ఎత్తి, ఇంక ఎక్కదని అక్కడే వదిలేసి పోయారు. పైవాళ్ళు దిగలేరు, కిందివాళ్ళు ఎక్కలేరు. ఇంటావిడ తుమ్ముకుంటూ వచ్చి, 'అమ్మాయ్, నిజం చెప్పు, పైన ఆవుని పెట్టావా?' అని అడిగింది. లేదన్నా నమ్మక కట్ట మీదుగా ఎక్కి వచ్చి స్నానాలగది తలుపు కూడా తీసి చూసింది. చివరికి నేనూ మా ఆయనా తాళ్ళు కోసి, దుప్పట్లో పోసుకుని పన్నెండు విడతలుగా పైకి చేరవేశాం. ఇప్పుడు మంచం కింద, బీరువా మీద, కుర్చీల వెనక అంతా లూసర్నే.

అసలు సంగతికి వస్తాను. మసి ఆబగా తినేసి రెండో రోజుకి కడుపు పాడుచేసుకుంది. వివరాలు రాయను, గచ్చు మూడుసార్లు కడిగానని మాత్రం రాస్తాను. ఇది మరీ బలమైన మేత, పెరిగే పిల్లలకీ పాలిచ్చేవాటికీ సరే, ఊరికే కూర్చునే కుందేలుకి పడదు అన్నారు డాక్టరుగారు. దూది అయితే వాసన కూడా చూడలేదు.

మీరు ప్రేమతో పంపారని నాకు తెలియదా పెదనాన్నా? కానీ నాకు మంచిది వద్దు. నాసిరకమే కావాలి. గింజ కట్టాక కోసిన ముదురు గడ్డి, డెయిరీవాళ్ళు వద్దని పక్కకి తోసేది, గడ్డివాములో అడుగున మిగిలేది, అది పంపండి. బూజూ దుమ్మూ లేకపోతే చాలు. దాని ధర కూడా ఇందులో సగమే ఉంటుంది, మాకూ కలిసొస్తుంది.

మీ అమ్మాయి

తా.క.: పెద్దమ్మ ప్రశ్నకి జవాబు. కుందేలు కూర్చుంటుంది. దాని పక్కన మనం కూర్చుంటాం. ఇంతకుమించి పని చేయగా నేను చూడలేదు.

*

గురువారం

తల్లీ, నీకు మా ఇద్దరి దీవెనలు. మామూలుగా నేనొక్కణ్ణే రాస్తాను. ఇవాళ పెద్దమ్మ కూడా పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

నువ్వెంత దాచినా నాకు అర్థమైంది. నలభై ఏళ్ళు మేత కొట్లో కూర్చున్నవాడికి ఒక విద్య వస్తుంది. ఇంట్లో ఇబ్బందిగా ఉందని ఎవడూ నోరు విప్పి చెప్పడు. వాడు కొనే మేతే చెప్తుంది. లూసర్న్ కొనేవాడు ఒకరోజు వచ్చి 'మా ఆవుకి మెత్తనిది పడటం లేదండీ, ముదురుది ఇవ్వండి' అంటాడు. తప్పంతా ఆవు మీద పెడతాడు, పాపం. ఇంకొన్నాళ్ళకి వాము అడుగున మిగిలింది ఊడ్చుకోవచ్చా అంటాడు. ఆ తర్వాత ఆవుని అమ్ముకుంటాడు. వాళ్ళు ఏడాదిలో దిగిన మెట్లు నువ్వు ఒక్క ఉత్తరంలో దిగేశావు. 'మాకూ కలిసొస్తుంది' అన్న చోట పెద్దమ్మ లేచి వెళ్ళి పొయ్యి ఆపేసింది.

అల్లుడి ఉద్యోగం పోయింది, అవునా?

సిగ్గుపడకు. మేం పరాయివాళ్ళమా? భవనాల ప్లానులు గీసే మనిషి గనక కొలతలు బాగా తెలుస్తాయి, మా కొట్లో కాటా దగ్గర కూర్చోమను. ఈలోగా ఒక బస్తా బియ్యం, పప్పులు, దుప్పట్లు నాలుగు పంపుతున్నాను. మేత మాత్రం నాసిరకం వేయడానికి చేయి రాలేదు. రెండో కోత గడ్డి, పట్టులా ఉంటుంది, రెండు కట్టలు.

నీ పెదనాన్న, పెద్దమ్మ

తా.క.: ఎంత ఇబ్బందైనా కుందేళ్ళని అమ్మకు. ఆ ఆలోచన వస్తే ముందు నాకు రాయి.

ఇంకో తా.క.: కుందేలు కూర్చోవడం, మనుషులు దాని పక్కన కూర్చోవడం, ఇదంతా పనీపాటా లేని ఇంట్లోనే జరుగుతుందని పెద్దమ్మ అంటోంది.

*

బుధవారం

పెదనాన్నకి నమస్కారం. ఈసారి ఒక్కటే.

మా ఆయన ఉద్యోగం నిక్షేపంలా ఉంది. రోజూ తొమ్మిదింటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని, ప్లానులు గొట్టంలో చుట్టుకుని వెళ్తారు. ఆరింటికి అలసిపోయి వస్తారు. ఉద్యోగం లేనివాడు అంత అలసిపోతాడా? మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. పగలబడి నవ్వుతారనుకుంటే అన్నం ముందునుంచి లేచి, కుళాయి కారుతోందంటూ వెళ్ళి చాలాసేపు దాని దగ్గరే నిలబడ్డారు. అంత నొచ్చుకున్నారు. నా మొగుడిని కాటా దగ్గర కూర్చోబెట్టడానికి మీకెలా నోరొచ్చింది?

పట్టులాంటి గడ్డి చేరింది. నిజంగానే పట్టులా ఉంది. మసి దాంట్లో గుంట చేసుకుని పడుకుంటోంది. దూది మొహం తిప్పుకుంది. బియ్యం బస్తా మెట్లెక్కుతుంటే ఇంటావిడ ఎదురొచ్చి 'ఆవుకి బియ్యం కూడానా!' అని ముక్కున వేలేసుకుంది. ఈ గదుల్లో మాకిప్పుడు నడిచే దారి లేదు.

మీకు నా మాట మీద నమ్మకం లేదు గనక డాక్టరుగారి చేతే రాయించాను. కింద దించుతున్నాను.

'ఈ కుందేలుకు కాడ గట్టిగా ఉన్న ముదురు ఎండుగడ్డి రోజంతా అందుబాటులో ఉంచవలెను. లూసర్న్ వద్దు. మెత్తని గడ్డితో పళ్ళు అరగవు. ఇది ఖర్చు తగ్గించుకోవడానికి చెప్పినది కాదు.'

ఆఖరి వాక్యం నేను బతిమాలి రాయించుకున్నాను. గడువు ఇంకా పన్నెండు రోజులే ఉంది. మాకు లేమి లేదు పెదనాన్నా, దానికి పళ్ళ జబ్బు. దయచేసి వినండి.

మీ అమ్మాయి

తా.క.: పెద్దమ్మతో చెప్పండి, మా ఇంట్లో ఇద్దరికీ పని ఉంది, కుందేళ్ళకి తప్ప.

*

శనివారం

అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

డాక్టరు చీటీ మా డెయిరీ డాక్టరుకి చూపించాను. నీ పక్షాన ఉన్నవాడు కాదు, ఇరవై ఏళ్ళుగా నా టీ తాగుతున్నవాడు. చదివి 'ఇందులో తప్పేముంది, కుందేలుకి అంతే' అన్నాడు. ఈ వయసులో మేత గురించి ఒకడి దగ్గర పాఠం నేర్చుకోవలసి వచ్చింది.

సరే, ఒప్పుకున్నాను. మొదటి కోత ముదురు గడ్డి, గింజ కట్టినది, నేనే వాము దగ్గర నిలబడి ఏరాను. రంగు పోయినవీ, దుమ్ము లేచేవీ తీసేశాను. విరిస్తే చిటుక్కుమనాలి, ముక్కు దగ్గర పెడితే కమ్మగా ఉండాలి, అలాంటివే వేశాను. యంత్రం పక్కన పెట్టి చేత్తోనే చిన్న సంచుల్లోకి కుక్కాను. అట్టపెట్టె ధరలో పదో వంతు కూడా పడదు. ఊరికే ఇస్తే మళ్ళీ నామీద విరుచుకుపడతావని ధర వేశాను.

నీ పెదనాన్న

తా.క.: ఇస్త్రీ చొక్కా గురించి రాశావు. వాదించడానికి కాదు గాని, నా కొట్టుకి అరువు అడగడానికి వచ్చేవాళ్ళందరూ ఇస్త్రీ చొక్కాలే వేసుకొస్తారు.

*

మంగళవారం

పెదనాన్నకి నమస్కారాలు.

నాక్కావలసిన గడ్డి ఇదే. సంచి విప్పగానే గదంతా ఎండిన పొలం వాసన వేసింది. మసి రెండు రోజుల్లోనే నిగనిగలాడుతోంది, నములుతుంటే గదిలో ఎవరో కత్తెర ఆడిస్తున్నట్టుంది. మీమీద కోప్పడినందుకు మన్నించండి.

కానీ దూది తినడం లేదు. పొద్దున నేను వెళ్ళేముందు దాని గూటిలో గడ్డి కూరి వెళ్తాను, సాయంత్రం వచ్చి చూస్తే అలాగే ఉంటుంది, ఒక్క పరక కదలదు. నేను పెట్టబోతే పక్కకి తిరుగుతుంది. డాక్టరుగారికీ అంతు పట్టడం లేదు. ఇన్ని రోజులు గడ్డి లేకుండా ఉన్నది బరువు తగ్గాలి కదా, ఇది చూడబోతే పిసరంత పెరిగింది. ఏదో లోపలి జబ్బేమో అని కూడా అన్నారు. సోమవారం పొద్దున తీసుకురమ్మన్నారు, మత్తిస్తారు.

మీ గడ్డి తప్పు లేదు. ఇక ఏ గడ్డీ పంపకండి. నిన్న దుకాణంలో ఒకరి అద్దం అరగదీస్తూ ఏడ్చాను, ఆ పని మళ్ళీ మొదట్నుంచి చేయవలసి వచ్చింది. మా ఆయన అయితే దూదిని ఒళ్ళోంచి దించడం లేదు, దాన్ని చూడలేక నా మొహం చూడటం కూడా మానేశారు.

మీ అమ్మాయి

తా.క.: ఇంటావిడ ఇప్పుడు ఆవు సంగతి అడగడం మానేసింది. 'తెల్లది ఎలా ఉంది?' అని అడుగుతోంది. ఆవు అన్నప్పుడే నయం.

*

శుక్రవారం మధ్యాహ్నం, మీ వంటింటి బల్ల మీద

అమ్మాయికి పెదనాన్న దీవెనలు.

కంగారుపడకు. ఎవరికీ ఏమీ కాలేదు. దూది నా కాళ్ళ దగ్గర కూర్చుని ముదురు గడ్డి నములుతోంది.

నీ ఉత్తరంలో ఒక్క ముక్క నాకు మింగుడుపడలేదు. మేత మానేసిన జంతువు బరువు పెరగడం నలభై ఏళ్ళలో నేను చూడలేదు. ఎవరైనా మేత బాగాలేదని తిప్పి పంపితే నేను కొట్లో కూర్చుని తీర్పు చెప్పను. పట్టపగలు, చెప్పాపెట్టకుండా వాళ్ళ పాక దగ్గరికి పోయి తొట్టి పక్కన నిలబడతాను. నూటికి తొంభైసార్లు మేతలో తప్పుండదు, ఆ ఇంట్లో ఎవరో ప్రేమకొద్దీ ఇంకేదో పెడుతూ ఉంటారు. ఈ పని మొదటి రోజే చేయాల్సింది, నా తెలివి చూపించుకోవడంలో పడి చేయలేదు. ఇవాళ బస్సు దిగి పదకొండింటికి మీ ఇంటికి వచ్చాను. మీరిద్దరూ పనిలో ఉంటారు గదా అని ఇంటావిడని తాళంచెవి అడిగాను. 'తాళంచెవి దేనికండీ, మీ అల్లుడు పైనే ఉన్నారు, రోజూ ఉంటారుగా' అంది.

తలుపు తీశాడు. ఒంటిమీద ఇస్త్రీ చొక్కా. ఒక చేతిలో దూది, ఇంకో చేతిలో బిస్కెట్టు. నన్ను చూసి బిస్కెట్టు జేబులో వేసుకున్నాడు. కుందేలుని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

ఆఫీసు మూసేసి రెండు నెలలు దాటింది. అతని తప్పేమీ లేదు, అందరినీ పంపేశారు. చేతిలో పెట్టిన రెండు నెలల జీతం నీకు నెలకోసారి జీతంలాగే తెచ్చి ఇచ్చాడు. ఈ నెల ఇవ్వడానికి ఏమీ లేదు. తొమ్మిదింటికి గొట్టం పట్టుకుని బయల్దేరి, నువ్వు దుకాణానికి వెళ్ళేదాకా వీధి చివర నిలబడి, వెనక్కి వస్తాడు. కొన్ని రోజులు పని వెతుక్కుంటాడు. దొరకని రోజు ఈ గచ్చు మీద కూర్చుంటాడు. అప్పుడు దూది వచ్చి ఒళ్ళోకి ఎక్కుతుందట. ఎక్కినందుకు ఒక బిస్కెట్టు. దిగిపోకుండా ఇంకొకటి. మధ్యాహ్నం అరటిపండు. మసి ఒక చోట కూర్చోదు గనక దానికేమీ అందలేదు, అందుకే అది గడ్డి తింటోంది.

'గడ్డి తినడం మానేసింది గదా మావయ్యగారూ, ఆకలితో ఉంటుందేమోనని ఇంకో రెండు ఎక్కువ పెట్టాను' అన్నాడు. తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో అతనికి విషయం తట్టింది. 'అంటే నావల్లేనా?' అని కుందేలుని పట్టుకుని బావురుమన్నాడు. ఇక ఏం తిడతాను?

నీకెందుకు చెప్పలేదని అడిగాను. 'తను రోజూ వేళ్ళు కాయలు కాచి ఇంటికొస్తుంది. ఆ చేతులు చూశాక ఎలా చెప్పనండీ?' అన్నాడు. నీ చేతులు అలా అయ్యాయని నాకు తెలియదు. పెద్దమ్మకి కూడా చెప్పను, తట్టుకోలేదు.

నువ్వు ముదురు గడ్డి అడిగింది పళ్ళ కోసమే. నేనేమో అది చూసి తప్పుడు లెక్క వేసుకుని, అల్లుడికి ఉద్యోగం లేదని పట్టుకున్నాను. నా మాట నిజమైనందుకు ఇంత దిగులు పడటం నాకిదే మొదటిసారి. కాటా దగ్గర కూర్చోమని మళ్ళీ అడిగాను. ఆలోచిస్తానన్నాడు, అయితే ప్లానులు గీయడం మాననన్నాడు. మంచిది. మా కొట్టుకి కొత్త పాక కావాలి, అది గీయమన్నాను.

దూది సంగతి. బిస్కెట్ల డబ్బా అందకుండా పెట్టి ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం. రెండు గంటలు నావైపు వీపు పెట్టి అలిగింది. ఒంటిగంట దాటాక ఒక కాడ లాగింది. తర్వాత ఇంకొకటి. ఇప్పుడు ఆపడం లేదు. సోమవారం డాక్టరుకి చూపించండి, మత్తివ్వాలో లేదో ఆయన చెప్పాలి. అయితే బిస్కెట్ల సంగతి ముందు చెప్పండి, ఆయన కూడా నాలాగే ఊహలకి పోతున్నాడు.

అల్లుడు ఇవాళ ఆరున్నరకి నీతో అన్నీ చెప్తానని నా చేతిలో చేయి వేశాడు. ఈ ఉత్తరం ఇంటావిడకిచ్చి ఏడింటికి నీకివ్వమన్నాను. అరగంట చాలనుకుంటాను. ఒకవేళ ఇంకా చెప్పలేదా, ఈ కాగితం మడిచి పక్కన పెట్టి, నీ చేయి అతని చేతిలో పెట్టి ఊరికే కూర్చో. చెప్తాడు.

నీ పెదనాన్న

తా.క.: రేపట్నుంచి అల్లుణ్ణి వీధి చివర నిలబడొద్దను. దర్జాగా ఇంట్లోనే కూర్చుని గడ్డి పెట్టమను. బిస్కెట్ల డబ్బా మాత్రం నువ్వు దుకాణానికి పట్టుకుపో.